మరిది ఎక్కడ పుట్టాడు?

నీళ్ల బోర్డు ఆఫీసులో ఆవిణ్ని అందరూ చుట్టాలమ్మ అనేవారు. ఆవిడకు చుట్టాలు ఎక్కువనేమీ కాదు. పొద్దున వచ్చి కుర్చీలో కూర్చున్నది మొదలు సాయంత్రం సంచీ భుజాన వేసుకునేదాకా ఆవిడ నోట అత్త, ఆడపడుచు, తోడల్లుడు తప్ప వేరే మాట వచ్చేది కాదు. "అత్త దొరికిందండీ, మూడో ఫైల్లో కూర్చుని ఉంది" అనేది. "తోడల్లుణ్ని ఎవరూ పిలవట్లేదు, ఊరికే తిని కూర్చున్నాడు" అనేది. కొత్తగా చేరినవాళ్లు వింటే, పాపం ఈవిడ ఇంట్లో ఏదో పెద్ద గొడవే నడుస్తోందని జాలిగా చూసేవాళ్లు.

అసలు సంగతి ఏమిటంటే, ఊరికి నీళ్లు వదిలే పాత ప్రోగ్రాంలో పేర్లన్నీ చుట్టరికాలే. ఏ ట్యాంకు ఎప్పుడు నింపాలి, ఏ వాల్వు ఎప్పుడు మూయాలి, ఏ పంపుకు ఎప్పుడు విశ్రాంతి ఇవ్వాలి, అంతా చూసుకునేది ఆ ప్రోగ్రామే. దాన్ని రాసి ఎన్నేళ్లయిందో బోర్డులో ఎవరూ కచ్చితంగా చెప్పలేరు. రాసింది ఎవరో అసలే తెలియదు. అప్పటి కాగితాలు ఆఫీసు మారినప్పుడు ఎక్కడో పోయాయి. మిగిలింది ప్రోగ్రాం ఒక్కటే. అందులో పెద్ద రిజర్వాయరు నీటిమట్టం పేరు 'అత్త'. నీళ్లు తగ్గినప్పుడు వాల్వులు ఒక్కొక్కటే బిగించుకుంటూ పోయే ప్రొసీజర్ పేరు 'అలక'. మళ్లీ నీళ్లొచ్చాక పైపులు పగలకుండా వాటిని నెమ్మదిగా తెరిచే ప్రొసీజర్ 'బుజ్జగింపు'. ఆ పేరు కూడా పూర్తిగా లేదు. ఆ భాషలో ఏ పేరూ ఆరు ఇంగ్లీషు అక్షరాలు దాటకూడదు కాబట్టి 'బుజ్జగ్' దగ్గరే తెగిపోయింది. పాపం ఆడపడుచుకూ అదే గతి పట్టింది, 'ఆడపడ్' అయి కూర్చుంది.

ఈ చుట్టాలందరి పుట్టిల్లు ఎక్కడో వెతికి చెప్పడం ఆవిడ ఉద్యోగం. పుట్టిల్లు అన్న మాట ఆవిడదే. ప్రోగ్రాంలో ప్రతి పేరుకూ ఎక్కడో ఒక చోట పుట్టుక ఉండాలి. విలువ దాచుకునే వేరియబుల్ అయితే, ఆ విలువ మొదట ఎవరు పెట్టారో తెలియాలి. పని చేసిపెట్టే ప్రొసీజర్ అయితే, ఆ పని ఎలా చేయాలో రాసిన చోటు దొరకాలి. ఆ తర్వాత ఆ పేరు నలభై చోట్ల కాపురం చేయొచ్చు గాక. ముందు పుట్టిల్లు తేలితేనే దాని గుణం తెలుస్తుంది. పాత మెషీను ముసలిదైపోయింది, విడిభాగాలు దొరకడం లేదు, కొత్త సిస్టం తెస్తున్నారు. పాతదాన్లో ఏ పేరు వెనక ఏముందో తేలకుండా కొత్తదాన్ని నడపడం కుదరదు.

ఆ భాష చదవగలిగినవాళ్లు ఊళ్లో అరుదైపోయారు. ఆవిడ పెళ్లికి ముందే నేర్చుకుంది, ఒక గిడ్డంగుల కంపెనీలో చాలాకాలం ఆ భాషలోనే పనిచేసింది. తర్వాత అత్తగారు స్నానాల గదిలో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. కొన్నాళ్ల సెలవు కొన్నేళ్లయింది, ఈలోగా కంపెనీయే మూతపడింది. ఇక ఈ జన్మకు మళ్లీ ఆఫీసు మెట్లెక్కేది లేదనుకున్న రోజుల్లో, కళ్లజోళ్ల దుకాణం నడిపే భర్త ఒక పేపరు మడిచి తెచ్చి ఆవిడ ముందు పెట్టాడు. "నీ పాత భాష ఎవరికో కావాలట" అన్నాడు.

"ఇన్నేళ్లయ్యాక నాకు గుర్తుంటుందంటారా?"

"ఈత మర్చిపోతారా ఎవరైనా?"

"నాకు ఈత రాదు కదండీ!"

"అదే చెప్తున్నా. వచ్చినవాళ్లు మర్చిపోరు" అని నవ్వి, ఆవిడ చదివే దూరానికి సరిపోయేలా కొత్త జోడు ఒకటి తయారుచేసి పెట్టాడు.

గుర్తుంది. మొదటి వారం తడుముకుంది గానీ, రెండో వారానికి ఆ పాత వరసలు పాతింటి గదుల్లా పరిచయమైపోయాయి. కొత్త సిస్టం కడుతున్న ఇంజినీరు ముప్పై దాటిన మనిషి, తెలివైనవాడు, మర్యాదస్తుడు. తన కంప్యూటర్లో ఒక సాధనం రాసిపెట్టాడు. ఏ పేరు ఎక్కడెక్కడ కనిపిస్తుందో అది క్షణంలో ఏరిపెట్టేది. ఏరినవాటికి అర్థం చెప్పేది ఆవిడ. ఇద్దరికీ బాగానే కుదిరింది. తేలిన పేర్లు పెరిగాయి, మిగిలినవి తగ్గాయి. మార్పిడి తేదీ ఖాయం చేసి పైవాళ్లకు చెప్పేశాడు ఇంజినీరు.

సరిగ్గా అప్పుడు అడ్డం తగిలాడు మరిది.

'మరిది' అన్న పేరు 'అలక' ప్రొసీజర్లో ఉంది. ఒకచోట కాదు, అడుగడుగునా ఉంది. వాల్వు మూసే ముందు ప్రతిసారీ ప్రోగ్రాం మరిదిని ఒక మాట అడుగుతోంది. కానీ ఆ మరిదికి విలువ పెట్టినవాళ్లు లేరు. ఫైళ్లన్నీ వెతికింది. ఇంజినీరు సాధనం వెతికింది. మళ్లీ కళ్లతో ఆవిడే వెతికింది. వాడేవాళ్లున్నారు, పెట్టేవాళ్లు లేరు. పుట్టిల్లు లేని మనిషి.

"ఎవరూ విలువ పెట్టకపోతే అది సున్నాయే కదా మేడం" అన్నాడు ఇంజినీరు. "సున్నాను అడిగినా ఒకటే, అడక్కపోయినా ఒకటే. ఎప్పుడో ఏదో చేద్దామనుకుని వదిలేసుంటారు. తీసేద్దాం."

"సున్నాను ఇన్నిసార్లు ఎవరు అడుగుతారు బాబూ?"

"అప్పటివాళ్ల అలవాట్లు మనకేం తెలుసు?"

ఆయన మాటా కొట్టిపారేయాల్సింది కాదు. అలాంటి వదిలేసిన పేర్లు అప్పటికే చాలా దొరికాయి. ఆవిడే వాటన్నిటినీ ఒక చోట రాసి 'పనిలేని చుట్టాలు' అని పేరు పెట్టింది. అయినా మరిదిని ఆ గుంపులో కలపడానికి ఆవిడకు మనసొప్పలేదు.

"సరే, ఒక ప్రయోగం చేద్దాం" అన్నాడు ఇంజినీరు. పోయిన ఎండాకాలం నీటిమట్టాలు మెషీన్లో భద్రంగా ఉన్నాయి. మరిదికి సున్నా పెట్టి, ఆ మట్టాలే కొత్త సిస్టానికి ఇచ్చి చూశారు. తెర మీద ఊరంతా గీతలూ గుండ్రాలూ. ఒక్కో ట్యాంకూ నిండుతూ, తగ్గుతూ వచ్చింది. అంతా బాగానే ఉందనుకుంటుండగా ఊరి చివర గట్టు మీది ట్యాంకు ఎర్రబడింది. పొద్దెక్కకముందే ఖాళీ. ఆ తర్వాత రోజూ ఖాళీ. ఆ ఎండాకాలం మొత్తం గట్టు వీధులకు చుక్క నీరు లేదని చెప్పింది తెర.

ఇంజినీరు గడ్డం గోక్కున్నాడు. "ఆ ట్యాంకు కొలతలే తప్పేమో. అక్కడి మీటరు పాతది."

"మీటరు సంగతి నాకు తెలియదు బాబూ. మా ఇల్లు ఆ గట్టు మీదే. పోయిన ఎండాకాలం మా కుళాయి సన్నగా వచ్చింది గానీ ఒక్క పూట కూడా ఆగలేదు. మా వీధి చివర ప్రసూతి ఆసుపత్రి ఉంది. ఆగి ఉంటే ఊరుకునేవాళ్లా? మీ ఆఫీసు తలుపులు ఊడబెరికేవాళ్లు."

ఆయన తెర వంక, ఆవిడ వంక మార్చి మార్చి చూశాడు. "అంటే పాతది ఏదో చేస్తోంది, మనది చేయడం లేదు."

"ఆ ఏదో మరిదే."

"మరి ఆ మరిదికి విలువ ఎవరు పెడుతున్నారు మేడం?"

పని అక్కడే ఆగిపోయింది.

ఆ తర్వాతి రోజులు ఆవిడకు నరకమే. తేదీ తరుముకొస్తోంది. పైవాళ్లు ఇంజినీరును రోజూ అడుగుతున్నారు, ఆయన పాపం ఆవిణ్ని కసరలేక తన గోళ్లు తను కొరుక్కుంటున్నాడు. పాత మెషీను రెండుసార్లు దానంతటదే ఆగిపోయింది. మూడోసారి ఆగితే లేస్తుందో లేదో చెప్పలేమన్నారు. అలాగని మరిది లేకుండా మార్చేస్తే గట్టు మీద ఆసుపత్రి ఎండుతుంది. వద్దని ఆపేస్తే, మెషీను చచ్చిన రోజున ఊరే ఎండుతుంది. ముందు చూస్తే నుయ్యి, వెనక చూస్తే గొయ్యి అన్నట్టుంది ఆవిడ పరిస్థితి.

ఇంట్లో అత్తగారు కనిపెట్టింది. ఎముక అతుక్కున్నాక చేతికర్రతో ఇల్లంతా తిరుగుతూ, ఎవరి మొహం ఎలా ఉందో చూసి చెప్పడమే ఆవిడకు కాలక్షేపం.

"ఏమే, ఆఫీసులో ఎవరైనా ఏమైనా అన్నారా?"

"ఎవరూ ఏమీ అనలేదు అత్తయ్యా. మరిది దొరకడం లేదు."

"నీకు మరిదెక్కడున్నాడే? నాకు ఒక్కడే కొడుకు."

"ప్రోగ్రాంలో మరిది."

"ఓహో, ఆ చుట్టాలా!" అని ముసలావిడ మంచం మీద చతికిలబడింది. "నాకో నలుగురుండేవాళ్లు మరుదులు. దొరక్కపోవడం ఎరగను. అన్నం వేళకు నలుగురూ తయారు."

చుట్టాలమ్మకు చాలా రోజుల తర్వాత నవ్వొచ్చింది. నవ్విందే గానీ దిగులు పోలేదు.

దారి చూపించింది పంపుహౌసులో మోటార్లు చూసే మేస్త్రీ. రేపో మాపో రిటైరయ్యే మనిషి. ఏదో కాగితం మీద సంతకానికి పైకొచ్చి, ఆవిడ బల్ల మీద పరిచిన ప్రింటౌట్లు చూసి ఆగిపోయాడు.

"ఇది వదినా మరుదుల ప్రోగ్రాం కదమ్మా!"

ఆవిడ పెన్ను పక్కన పెట్టేసింది. "ఏమన్నారూ?"

"ఇది రాసింది వాళ్లేనమ్మా. నేను అప్పుడే కొత్తగా చేరాను. వదినగారు ఈ కిటికీ పక్కన కూర్చునేది, మరిదిగారు ఆ స్తంభం వెనకాల. ఒక ఇంట్లోంచి ఇద్దరూ ఒకే స్కూటర్ మీద వచ్చేవాళ్లు. సగం ఆమె రాసింది, సగం ఆయన. దెబ్బలాడుకుంటూనే రాశారు."

"ఉన్నారా వాళ్లు? ఎక్కడుంటారు?"

"పోయినేడాది మార్కెట్లో కనపడ్డారు. ఆమెకు చెవుడొచ్చింది గానీ గట్టిగానే ఉన్నారు. ఇస్త్రీ బండి సందులో, మేడ మీద."

చుట్టాలమ్మ ఇంజినీరుకు చెప్పి ఆ పూటే బయలుదేరింది. నేనూ వస్తానన్నాడు ఆయన. ఇద్దరూ వెళ్లారు. ఇరుకు మెట్లు, పైన పూలకుండీల వరస. తలుపు తీసింది డెబ్బై దాటిన ఆవిడ, చేతిలో నీళ్ల మగ్గు. వీళ్లెవరో చెప్పగానే మొహం చింకిచాటంత అయింది.

"మా ప్రోగ్రాం ఇంకా నడుస్తోందా! రండి రండి, కూర్చోండి. ఎవరో వచ్చి చెత్తబుట్టలో పారేసి ఉంటారనుకున్నాను. గట్టిగా మాట్లాడండమ్మా, ఈ చెవి పనిచేయదు."

చుట్టాలమ్మ వినబడే చెవి వైపుకు జరిగి కూర్చుంది. అత్త గురించి అడిగింది. అలక, బుజ్జగింపు గురించి అడిగింది. పెద్దావిడ ఒక్కొక్కటీ నవ్వుతూ చెప్పింది. ఆ రోజుల్లో ఆఫీసరు అర్థంలేని అంకెలతో పేర్లు పెట్టమన్నాడట. రాసినవాళ్లకే మర్నాటికి గుర్తుండేవి కావట. విసుగొచ్చి, ఎప్పటికీ మర్చిపోని పేర్లు పెడదామని ఇంట్లోవాళ్ల వరసలు పెట్టేసిందట.

"మా అత్తగారి దగ్గర అన్నీ ఉండేవి, అందుకే పెద్ద రిజర్వాయరు అత్త అయింది. ఎవరికి ఎంత పెట్టాలో ఆవిడే తేల్చేది."

"మరి మరిది ఎవరండీ?"

"ఆఁ?"

"మరిది! మరిది ఎవరు?" చుట్టాలమ్మ గొంతు మేడంతా వినబడింది.

"మరిది అంటే మా మరిదేనమ్మా. లోపల టీవీ చూస్తున్నాడు."

ఇంజినీరు దగ్గు వచ్చినట్టు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. పెద్దావిడ మాత్రం నిబ్బరంగా చెప్పుకుపోయింది. మరిది రాత్రి కాలేజీలో చదువుకునేవాడట. ఇంటికి అందరికన్నా ఆఖరున చేరేవాడు. వడ్డించుకునేవాళ్లు వడ్డించుకుపోతే గిన్నెలో ఏమీ మిగిలేది కాదు. అందుకని ఆవిడ ముందే అతని వాటా తీసి మూతపెట్టేది. తర్వాతే మిగతావాళ్లకు.

"గట్టు ట్యాంకూ అంతే కదా. పైపు చివర ఉంది. నీళ్లు అన్నిటికన్నా ఆఖరున చేరతాయి. తగ్గిన రోజున ముందు ఎండేది అదే. అందుకని దాని వాటా ముందే తీసి పక్కన పెట్టాకే అలక మొదలవ్వాలని రాశాను. ఆ వాటా పేరే మరిది."

చుట్టాలమ్మ ఆ మాట కాగితం మీద రాసుకుంది. ఏమిటో తెలిసింది. కానీ ఎక్కణ్నించి వస్తుందో ఇంకా తెలియలేదు.

"ఆ వాటా ఎంతన్నది ఎక్కడ లెక్క కట్టారండీ? మీ ఫైళ్లలో లేదు."

"నేనెందుకు కడతాను? కొలతల పని అతనిది. అతని సగంలో ఉంటుంది చూడండి."

"చూశానండీ. మరిది అన్న పేరే లేదు వాళ్ల సగంలో."

"లేకపోవడమేమిటి? ఒరేయ్ అబ్బాయ్, ఇలా రా!"

అరవై దాటిన ఆ అబ్బాయి కళ్లజోడు నుదుటి మీదికి నెట్టుకుంటూ బయటికి వచ్చాడు. విషయం విన్నాడు. వదిన వంక ఒకసారి చూసి, కాస్త సిగ్గుపడుతున్నట్టు తల గీరుకున్నాడు.

"మరిది అని నేను రాయలేదమ్మా."

"అదేమిట్రా?" అంది వదిన.

"మిగతా పేర్లన్నీ నువ్వు పెట్టినవే వాడాను కదా వదినా. అత్త అంటే మా అమ్మే, అయినా నీ మాట కాదనలేక అత్త అనే రాశాను. కానీ నన్ను నేనే మరిది అని ఎలా రాసుకుంటాను? చెయ్యి రాలేదు. నేను అని రాసుకున్నాను."

పెద్దావిడ మరిది వంక గుర్రుగా చూసింది.

"నేను!" అంది చుట్టాలమ్మ. కూర్చున్న కుర్చీలోంచి లేచి నిలబడింది. "నేను, ఎన్ తో మొదలయ్యే నేను! అయ్యో, మిమ్మల్ని నేను చూశానండీ! పనిలేని చుట్టాల్లో రాసేశాను!"

ఆ పేరు ఆవిడకు ఎప్పుడో దొరికింది. ఆయన సగంలో 'నేను' అన్న దానికి రోజూ పొద్దున్నే ఒక విలువ వచ్చి చేరుతోంది. ఎవరూ దాన్ని వాడటం లేదు. రాసినాయన ఏదో పరీక్షించుకోవడానికి పెట్టుకుని మర్చిపోయి ఉంటాడని పక్కన పడేసింది. మరిదిని వాడేవాళ్లున్నారు, పెట్టేవాళ్లు లేరు. నేనుకు పెట్టేవాళ్లున్నారు, వాడేవాళ్లు లేరు. ఇద్దరూ ఒక్కడే అన్న ఊహ తట్టలేదు.

"అయితే పేరు వేరైతే మీ సగం నుంచి వాళ్ల సగానికి విలువ ఎలా చేరింది సార్?" అన్నాడు ఇంజినీరు. ఆ భాష ఆయనకు కొత్త.

"పేరుతో పనేముంది బాబూ? ఉమ్మడి ఖాతా ఉంది కదా" అన్నాడు పెద్దాయన. ఆ భాషలో రెండు ప్రొసీజర్లు పంచుకునే విలువలన్నీ మెషీను జ్ఞాపకంలో ఒకేచోట, వరసగా వేసిన కుర్చీల్లాంటి జాగాల్లో ఉంటాయి. మెషీను చూసేది ఎన్నో కుర్చీ అన్నదే. అందులో కూర్చున్నవాణ్ని వదిన మరిది అంటుందో, వాడు తనను తాను నేను అనుకుంటాడో దానికి అనవసరం.

"నాకా సంగతి తెలుసు" అంది చుట్టాలమ్మ నెత్తిన చెయ్యి పెట్టుకుని. "రెండు వైపుల జాబితాలూ పక్కపక్కన పెట్టి చూశాను కూడా. మొదటి పేజీ అచ్చు గుద్దినట్టు ఒక్కటే. మిగతాదీ అంతేలే అనుకుని మడిచేశాను."

"మీరు మొదటి పేజీ అయినా చూశారు మేడం, నేను అదీ చూడలేదు. నా సాధనం పేర్లు తప్ప వరస చూడదు" అన్నాడు ఇంజినీరు. ఆయన మొహం అప్పుడే స్నానం చేసి వచ్చినట్టు తేటగా ఉంది.

పెద్దావిడ మరిది వంక తిరిగింది. "ఇన్నేళ్లు నాకు చెప్పలేదేమిరా?"

"చెబితే మార్చమంటావని."

"మార్చమనేదాన్నే!"

అక్కడికక్కడే మళ్లీ దెబ్బలాట మొదలయ్యేలా ఉంటే, ఆయన భార్య నలుగురికీ టీ కప్పులు తెచ్చి మధ్యలో పెట్టింది. "వీళ్లు ఇంతేనమ్మా, మీరు తాగండి" అంది.

ఆఫీసుకు తిరిగొచ్చి ఇద్దరూ ఆ రెండు జాబితాలనూ గోడకు అంటించారు. ఆవిడ ఒకదాని మీద వేలు పెట్టి చదివితే, ఇంజినీరు రెండోదాని మీద వేలు జరుపుకుంటూ వచ్చాడు. మామ, మామ. ఆడపడ్, ఆడపడ్. అత్త, అత్త. పేజీ తిప్పారు. ఆవిడ "మరిది" అంది. ఆయన "నేను" అన్నాడు. తర్వాతి పేరు ఇద్దరికీ మళ్లీ ఒక్కటే. ఇద్దరూ మొహామొహాలు చూసుకున్నారు. అయినా ఆవిడ అంతటితో ఊరుకోలేదు. పరీక్షలకని ఉంచిన, వాల్వులు నడపలేని రెండో పాత మెషీన్లో, నేనుకు చేత్తో ఒక విలువ పెట్టించి, అలక లోపల మరిది ఎంత చూపిస్తోందో అచ్చు వేయించింది. పెట్టిన అంకే అచ్చులో వచ్చింది. ఆ కాగితాన్ని కూడా గోడ మీది జాబితాల పక్కన అంటించింది ఆవిడ.

మరిదిగారి సగంలో లెక్క చిన్నదే. తెల్లవారేసరికి గట్టు ట్యాంకు ఎంత ఖాళీ అయిందో చూసి, ఆ రోజుకు అంత పక్కన పెట్టమంటుంది. అంతే. దాన్ని కొత్త సిస్టంలో రాసి, పోయిన ఎండాకాలం మట్టాలు మళ్లీ ఇచ్చారు. ఈసారి గట్టు ట్యాంకు కిందికి జారింది, జారింది, అడుగు అంటుతుందనగా నిలబడింది. సన్నగా నిలబడింది గానీ ఆగలేదు. అచ్చం ఆవిడ ఇంటి కుళాయిలాగే.

మార్పిడి ఒక సెలవు రోజు పొద్దున పెట్టారు. ఇంజినీరు చొక్కా చెమటకు తడిసి ఒంటికి అంటుకుపోయింది. పంపుహౌసు మేస్త్రీ ఫోను పట్టుకుని కింద నిలబడ్డాడు. పాత మెషీను ఆపారు. గదిలో ఎప్పుడూ వినిపించే ఆ గుయ్యిమనే మోత ఆగిపోయి ఒక్కసారిగా నిశ్శబ్దం. కొత్తది అందుకుంది. ఒక్కో ట్యాంకూ తెర మీద పచ్చబడుతూ వస్తోంది. గట్టు ట్యాంకు ఒక్కటే ఎంతకీ పచ్చబడదు. చుట్టాలమ్మ రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని కదలకుండా కూర్చుంది.

ఆవిడ ఫోను మోగింది. అత్తగారు.

"ఏమే, నీళ్లొస్తున్నాయి. బాగానే వస్తున్నాయి. నువ్వు మార్చావా, ఇంకా మార్చాలా?"

"మార్చేశామత్తయ్యా."

"మార్చేశారా? నాకేం తేడా తెలియలేదే!"

"తేడా తెలియకూడదనే కదా అత్తయ్యా ఇన్నాళ్లూ" అంది. తెర మీద గట్టు ట్యాంకు అప్పుడు పచ్చబడింది. కొలత రావడం ఆలస్యమైంది గానీ నీళ్లు ముందే చేరాయి. ఇంజినీరు గది బయటికి వెళ్లి మెట్ల మీద కూలబడ్డాడు. మేస్త్రీ పైకొచ్చి ఆయన భుజం తట్టాడు. "లేవండి సార్, ఊరంతా స్నానాలు చేస్తోంది, మీరే మిగిలారు" అన్నాడు.

పైవాళ్లు వచ్చి అందరితో చేతులు కలిపారు. ఆవిడతో కుదుర్చుకున్న ఒప్పందం మార్పిడితో అయిపోతుందని అందరికీ తెలుసు. ఆ సంగతి ఎవరూ ఎత్తకముందే ఇంజినీరు ఎత్తాడు. మురుగునీటి పంపుల ప్రోగ్రాం కూడా ఆ కాలానిదేననీ, దానికీ ఈవిడే కావాలనీ చెప్పాడు. చూద్దామన్నారు వాళ్లు. ఆ చూద్దాం ఎటు తేలినా ఆ పూట ఆవిడకు దిగులు లేదు. "ముందు నన్ను ఇంటికి పోనివ్వండి, నిద్రపోయి చాలా రోజులైంది" అంది.

వెళ్లే ముందు ఇస్త్రీ బండి సందుకు ఫోను చేసింది. పెద్దాయన ఎత్తాడు. అంతా సవ్యంగా జరిగిందని చెప్పింది. "కొత్తదాన్లో ఏ పేరు పెట్టారమ్మా? మరిదా, నేనా?" అన్నాడు.

"గట్టు వాటా అని పెట్టామండీ. ఎవరు చదివినా తెలిసేలా."

"మంచి పని చేశారు" అన్నాడాయన. వెనక నుంచి వదిన "ఎవర్రా, ఏమంటున్నారు?" అని అరుస్తోంది.

ఇంటికి చేరేసరికి భర్త దుకాణానికి వెళ్లిపోయాడు. అత్తగారు వంటింట్లో గిన్నెలు సర్దుతూ, చూసి కూడా ఏమీ అడగలేదు. "పోయి పడుకో" అంది అంతే. ఆవిడ చీర కూడా మార్చుకోకుండా మంచం మీద వాలింది. కళ్లు మూసుకుంటే ఇన్నాళ్లూ పేర్లే పరిగెత్తేవి. ఈసారి ఏవీ రాలేదు. లేచేసరికి కిటికీలో సాయంత్రం ఎండ. పక్కింటివాళ్లు ఎవరో బట్టలు ఉతుకుతున్న చప్పుడు వినిపిస్తోంది. ఎవరూ లేపలేదు. ఆవిడ లేవలేదు కూడా. ఇంకాసేపు అలాగే పడుకుని ఆ చప్పుడు వింటూ ఉండిపోయింది.